మడతలలో పుట్టు యంత్రములు

కిరాణా దుకాణములో పొట్లము కట్టు చేతిని చూడనివారు మనలో అరుదు. పాత పత్రికనుండి చించిన కాగితపు ముక్కను ఒక మూలనుండి చుట్టి, అడుగు కొనను లోనికి మడిచి, పావుకిలో పెసరపప్పు పోసి, పై అంచులను లోనికి దోపి మన చేతికిచ్చెదరు. అందు జిగురు లేదు, దారము లేదు. అదే కాగితమును మడువక అరచేతిపై పరచి పప్పు పోసినచో ఏమగునో చెప్పనక్కరలేదు. మోదుగాకు దొప్ప సంగతియు అంతే. రెండు మడతలు, ఒక ఈనెపుల్ల. అందులో పులుసు నిలుచును. బల్లపరుపుగా పడియుండు వస్తువునకు ఎత్తు, లోతు, బలము మూడును మడతయే ఇచ్చుచున్నది.

ఈ పాత విద్యను ఇటీవలి దశాబ్దములలో విద్యుత్పరికరములు నిర్మించు శాస్త్రజ్ఞులు శ్రద్ధగా అభ్యసించుచున్నారు. పలుచని రేకుపై విద్యున్మార్గములు అచ్చువేసి, ఆ రేకును మడిచియో కత్తిరించియో, లేచి నడచు యంత్రముగను, గాలిలో తేలు పరికరముగను, సూక్ష్మదర్శినిగను మార్చుచున్నారు. నేటి ప్రసంగ విషయమిది. ఆకారములను గూర్చి మాటలతో మాత్రమే చెప్పుట కొంత కష్టమైన పని. శ్రోతలు ఒక తెల్లకాగితమును చేత పట్టుకొని వినినచో మా శ్రమ సగము తగ్గును.

అసలు రేకును మడువవలసిన అగత్యమేమి? పాత వాల్వు రేడియో వెనుకనున్న అట్టను విప్పి చూచినవారికి జ్ఞాపకముండును. లోహపు పీఠము క్రింద రంగురంగుల తీగెలు పిచ్చుకగూటివలె అల్లుకొనియుండెడివి. ప్రతి తీగె కొనను ఒక మనిషి తన చేతితో టంకము వేసి అతికినదే. ఈ అల్లికను తప్పించుటకు వియన్నాలో పుట్టి లండనులో స్థిరపడిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు ఒక ఉపాయము పన్నెను. పుస్తకములు అచ్చువేసినట్లే తీగెలనుకూడ పలకపై రాగి గీతలుగా ఏల అచ్చువేయరాదని ఆయన ప్రశ్న. 1943లో పేటెంటుకై దరఖాస్తు పెట్టెను. ఆయన ఆ విధమున చేసి చూపిన తొలి పరికరములలో ఒకటి రేడియోయే యగుట మాబోటివారికి సంతోషము కలిగించు విషయము.

నాటినుండి ఎలక్ట్రానిక్ పరిశ్రమ అంతయు ఒక రకమైన ముద్రణాలయముగా మారినది. సిలికాన్ చిప్పులును అట్లే తయారగును. 300 మిల్లీమీటర్ల వ్యాసముగల నున్నని బిళ్ళపై వెలుతురుతో నమూనాలు ముద్రించి, రసాయనములతో చెక్కి, పొరపై పొర పేర్చెదరు. ఈ పనికి బల్లపరుపుతనము ప్రాణము. ఉపరితలము ఏమాత్రము ఎగుడుదిగుడైనను వెలుతురు కుదురుగా పడదు, పూత సమముగా అంటదు. గుమ్మడికాయపై పత్రిక అచ్చువేయగల ముద్రాపకుడు ఎచ్చటనైన కలడా?

అయితే మనకు కావలసిన వస్తువులన్నియు బల్లపరుపుగా ఉండవు గదా. ఈగ రెక్క ఆడవలెనన్న కీలు కావలెను, కీలునకు లోతు కావలెను. కన్ను గుండ్రముగా నుండవలెను. అంతరిక్షనౌకకు అమర్చు సౌరఫలకము రాకెట్టులో చిన్న మూటగా ఒదిగి, పైకి పోయిన పిదప విశాలముగా విచ్చుకొనవలెను. చదునుగా ముద్రించిన ముక్కలను ఒక్కొక్కటిగా పట్టుకారుతో ఎత్తి అతికించుట ఒక మార్గము. వస్తువు చిన్నదైనకొలది ఆ పని నరకమగును. చదునైన రేకునందే అన్నియు ముద్రించి, ఆఖరున ఒక్కసారిగా మడిచి లేపుట రెండవ మార్గము. అచ్చుయంత్రపు చౌకతనమును, శిల్పియొక్క ఆకారమును ఒకేచోట దక్కించుకొనుటకు చేయు ప్రయత్నమిది.

జపానుభాషలో కాగితపు మడత విద్యను ఓరిగామి అందురు, మడతతోపాటు కత్తిరింపును గూడ వాడు విద్యను కిరిగామి అందురు. శాస్త్రజ్ఞులును ఆ పేర్లనే గ్రహించిరి. ఈ రెంటికిని నడుమ భేదము పేరులో మాత్రమే యున్నదనుకొనరాదు. జర్మనుదేశపు గణితజ్ఞుడు గౌస్ 1827లోనే ఒక సిద్ధాంతము నిరూపించెను. దాని సారమును వంటింటి మాటలలో చెప్పవచ్చును. సాగని, ముడుచుకొనని చదునైన రేకును ఎన్ని విధముల వంచినను గోళముగా చేయజాలము. బత్తాయిపండు తొక్కను చింపకుండ బల్లపై చదునుగా పరచలేము. చదునైన కాగితమును ముడతపడకుండ బత్తాయికి తొడుగలేము. కాగితమును గొట్టముగా చుట్టవచ్చును, శంకువుగా చేయవచ్చును, అంతతో ఆగవలసినదే. కావున గుండ్రని ఆకారము కావలసినచోట మడత ఒక్కటే చాలదు. కత్తెర పట్టవలెను, లేదా సాగు పదార్థము వెదకవలెను. ఈ సంగతి ముందుగా గ్రహించినచో తరువాతి ప్రయోగములన్నియు తేలికగా బోధపడును.

ఇప్పుడు చేతనున్న కాగితమును ఉపయోగింతము. దానిని నిలువుగా ఐదు సమభాగములుగా, విసనకర్రవలె ముందుకొకటి వెనుకకొకటి చొప్పున మడువవలెను. పొడవాటి పట్టీ యొకటి ఏర్పడును. ఆ పట్టీని ఇప్పుడు అడ్డముగా మడువవలెను గాని తిన్నగా కాదు. అంచునకు కొంచెము ఏటవాలుగా మడిచి, మరల వెనుకకు మడుచునపుడు మొదటి అంచునకు సమాంతరముగా తెచ్చి, ఇట్లు ఏడెనిమిది మడతలు వేసి, అంతయు విప్పవలెను. కాగితముపై సమాంతర చతుర్భుజముల గళ్ళు కనబడును. అడ్డముగా వంకరటింకరగా పోవు గీతలలో ఒకదానిని ఈ కొసనుండి ఆ కొసవరకు మిట్టగా, దాని తరువాతిదానిని పల్లముగా నొక్కి సరిచేయుచు పోవలెను. కొంత ఓపిక పట్టిన పిదప కాగితమంతయు తనకు తానే లోనికి ఒదిగి అరచేతి ముక్కయగును. ఎదురెదురు మూలలు రెంటిని పట్టి లాగినచో ఒకేసారి నలువైపులకు విచ్చుకొనును. మూలలను దగ్గరకు నెట్టినచో ఒకేసారి ముడుచుకొనును. మా స్టూడియోలో మాత్రము ఈ ముచ్చట తీర్చుకొనుటకు వీలులేదు. చేతిలోని కాగితము మడిచినచో ఆ చప్పుడు మైక్రోఫోనులో పిడుగువలె వినబడును.

ఈ మడతకు జపానుదేశపు అంతరిక్ష ఇంజనీరు కోరియో మియురా పేరు మీద మియురా మడత యని ప్రసిద్ధి. దీని గొప్పతనము ఒక్కటే. మామూలు పటమును విప్పునపుడు ఏ మడత ముందో ఏది వెనుకో తెలియక తికమకపడుదుము. ప్రతి మడత స్వతంత్రముగా కదలును. మియురా మడతలో అన్ని మడతలును ఒకదానికొకటి కట్టుబడియుండును. ఒక్కటి విప్పిన అన్నియు విప్పుకొనవలసినదే. చేయి అందని అంతరిక్షములో ఇంతకన్న మేలైన గుణమేమి కావలెను? 1995 మార్చిలో జపాను ప్రయోగించిన ‘స్పేస్ ఫ్లయర్ యూనిట్’ అను ఉపగ్రహములో ఈ మడతతో చేసిన ఫలకమును విప్పి ముడిచి పరీక్షించిరి. 1996 జనవరిలో అమెరికా అంతరిక్షనౌక ‘ఎండెవర్’ ఆ ఉపగ్రహమును పట్టి భూమికి తెచ్చినది. 2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ దూరదర్శినియందును ఐదు పొరల ఎండకవచమును, 18 ముక్కల అద్దమును మడిచి రాకెట్టులో దాచిరి. అక్కడ వాడినది మియురా మడత కాదు గాని, చిక్కుముడి మాత్రము అదే.

అంతరిక్షములో పెద్ద వస్తువును మడిచి దాచుట సమస్య యైనచో, హార్వర్డు విశ్వవిద్యాలయములో రాబర్ట్ వుడ్ బృందమునకు ఎదురైన సమస్య దీనికి తలక్రిందులు. వారు తేనెటీగ యంతటి ఎగురు యంత్రమును నిర్మించ దలచిరి. దాని రెక్కకీలు ఒక మిల్లీమీటరున కటుయిటు. అంత చిన్న చోట గుండ్రని ఇరుసులు, బేరింగులు పనికిరావు; రాపిడియే బలమంతయు మ్రింగివేయును. అందుచేత రెండు గట్టి పలకలనడుమ పలుచని ప్లాస్టిక్ పొరను మడతబందుగా వాడిరి. కీలు కుదిరినది. ఇక అతుకుపని మిగిలినది. సన్నని టంగ్‌స్టన్ తీగె కొసకు లేశము జిగురు అద్ది, సూక్ష్మదర్శినిలో చూచుచు, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క ముక్కను దానిచోట నిలుపవలసివచ్చెడిది. చేయి వణికినచో వారముల శ్రమ వ్యర్థము. ఇట్టి పనితో ఒక ఈగను చేయవచ్చును, రెండు చేయవచ్చును, వందలు చేయజాలరు.

దీనికి విరుగుడు పిల్లల పుస్తకములలో దొరికినది. పుట తెరువగానే కోటయో ఏనుగో లేచి నిలుచు బొమ్మల పుస్తకములు శ్రోతలలో కొందరైనను చూచియుందురు. ఆ కోట అంతయు మూసిన పుస్తకములో చదునుగా పడుకొనియే యుండును. తెరచు చేతి కదలికయే దానిని లేపును. 2012లో హార్వర్డువారు ప్రకటించిన పద్ధతిలో కార్బన్ నార, ప్లాస్టిక్ పొర, టైటానియము, ఇత్తడి, పింగాణి మొదలగు 18 పొరలను లేజరుతో చెక్కి, ఒకదానిపై నొకటి పేర్చి, నొక్కి అతికిరి. చూచుటకది ఒక చదునైన బిళ్ళ. అందు ఈగ మాత్రమే కాక దానిచుట్టు ఒక చట్రము కూడ చెక్కబడియున్నది. చట్రమును ఒక్కసారి పైకెత్తగా పొరల నడుమనున్న 137 మడతకీళ్ళు ఒకదాని ననుసరించి మరొకటి వంగి, రెక్కలు, శరీరము వాని వాని స్థానములకు లేచినవి. పిదప కీళ్ళను టంకముతో బిగించి, లేజరుతో చట్రమునుండి ఈగను విడదీసిరి. దాని ఎత్తు 2.4 మిల్లీమీటర్లు. ఒకే రేకుపై ఇట్టివి పదులకొలది ఒకేసారి చేయవచ్చును. 

మా దృష్టిలో ఇచ్చట ఈగకన్న ఘనమైనది ఆ చట్రము. పని ముగియగానే కోసి పారవేయు ఆ చట్రమునకే పని తెలివియంతయు అప్పగింపబడినది. మన ఇండ్లలో అరిసెల చెక్కకును, జంతికల గొట్టమునకును ఉన్న గౌరవము దానికి కూడ దక్కవలెను.

ఈ పద్ధతిలో చట్రమును పైకెత్తుటకు ఒక చేయి ఇంకను కావలసియున్నది. ఆ చేయికూడ లేకుండ చేయవచ్చునని 2014 ఆగస్టులో హార్వర్డు, మసాచుసెట్స్ సంస్థల శాస్త్రజ్ఞులు చూపిరి. ఈ బృందములో శామ్యూల్ ఫెల్టన్, రాబర్ట్ వుడ్, డానియేలా రుస్, ఎరిక్ డిమేన్ మున్నగువా రున్నారు. డిమేన్ మడతల గణితములో పేరుమోసిన వ్యక్తి. వారు తీసికొన్న రేకులో ఐదు పొరలు: నడుమ విద్యున్మార్గములు ముద్రించిన పలుచని రాగిరేకు, దానికిరువైపుల కాగితము, వెలుపల సాగదీసి ఉంచిన పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్. ఈ ప్లాస్టిక్ గుణము విచిత్రము. సుమారు 100 డిగ్రీలకు వేడెక్కినచో అది తన పాత జ్ఞాపకమును తెచ్చుకొని ముడుచుకొనును. అమెరికాలో పిల్లలు దానిపై బొమ్మలు గీసి పొయ్యిలో పెట్టి చిన్నవి చేసికొని ఆడుకొందురు. మడత ఎచ్చట కావలెనో అచ్చట కాగితమును ముందే కత్తిరించి ఉంచి, ఆ గీతల వెంబడి విద్యుత్తుతో వేడిచేయగా, ఒకవైపు ప్లాస్టిక్ ముడుచుకొని కాగితమును తనవైపునకు లాగును. ఏ మడత ఎప్పుడు, ఎంత కోణములో పడవలెనో కత్తిరింపు వెడల్పును, చిన్న గణకయంత్రమును నిర్ణయించును. చల్లబడగానే ప్లాస్టిక్ గట్టిపడి మడత నిలిచిపోవును.

బ్యాటరీలు, రెండు మోటార్లు, గణకయంత్రము అమర్చిన ఆ చదునైన రేకు సుమారు 4 నిమిషములలో తన కాళ్ళు తానే మడుచుకొని, లేచి, ఎవరును తాకకుండ సెకండునకు సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున నడచిపోయినది. చలనచిత్రములో దీనిని చూచినవారికి ఒడలు గగుర్పొడుచుట సహజము. అయినను ఉత్సాహమునకు కొంచెము పగ్గము వేయుట మంచిది. అది ప్రయోగశాల బల్లపై, శిక్షితులైన చేతులు సిద్ధపరచిన రేకు. మోటార్లను, బ్యాటరీలను అమర్చినవి మనుష్యుల చేతులే. రేపు అంగడిలో రేకు కొని తెచ్చి ఇంట పరచినచో కుర్చీయై లేచునని పత్రికలలో వ్రాసినవారు చాల దూరము పోయిరి.

ఇంత ఆర్భాటము లేక జనుల చేతికి నిజముగా చేరిన మడత పరికరము ఒకటి కలదు. మీరటులో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన మను ప్రకాశ్, తన సహచరులైన జేమ్స్ సైబల్‌స్కీ, జేమ్స్ క్లెమెంట్సులతో కలసి 2014లో ‘ఫోల్డ్‌స్కోప్’ అను కాగితపు సూక్ష్మదర్శినిని ప్రకటించెను. దళసరి కాగితముపై ముక్కలన్నియు ఒకేచోట అచ్చు వేసి కోసియుండును. వానిని మడిచి దోపగా సూక్ష్మదర్శిని తయారగును. పది నిమిషముల పని. ఇసుకరేణువువంటి గాజుపూస దీని కటకము. మొదటి నమూనాలో చిన్న ఎల్.ఇ.డి. దీపము, బొత్తాము బ్యాటరీ, మీట, రాగిపట్టీ అన్నియు కాగితములోనే ఇమిడినవి. బరువు 9 గ్రాములలోపు. సామగ్రికి ఒక డాలరు కూడ కాదని లెక్క కట్టిరి. మూడంతస్తుల మేడపైనుండి పడవేసినను, కాలితో త్రొక్కినను చెడలేదట.

ఇచ్చట మడత చేయుచున్న పనిని గమనింపవలెను. సూక్ష్మదర్శినిలో కటకము, నమూనా, దీపము మూడును ఒకే గీతపై నిలువవలెను. నమూనా కటకమునకు వెంట్రుకవాసి దూరములో ముందుకు వెనుకకు జరుగవలెను. మామూలు పరికరములలో దీనికై మరలు, పండ్లచక్రములు వాడుదురు. ఇందులో కాగితపు మడతలే పొరలను సరిగా ఎదురెదురుగా నిలుపును; కాగితము కొంచెము వంగుటచేతనే దృష్టి కుదురును. అనగా కాగితము పెట్టె మాత్రమే కాదు, యంత్రము కూడ. 2015లో భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ ఈ పరికరమును మన దేశమునకు తెచ్చుటకు ఒప్పందము చేసికొని, పాఠశాలలకును, కళాశాలలకును అందించు కార్యక్రమము నడిపినది. సాధారణముగా పంచిపెట్టు నమూనా వస్తువును 140 రెట్లు పెద్దదిగా చూపును. చెరువునీటి బొట్టులో కదలాడు జీవులను, ఉల్లిపొర కణములను చూచుటకిది పుష్కలము. రోగనిర్ణయమున కిది పెద్ద ఆసుపత్రి సూక్ష్మదర్శినికి బదులు కాజాలదు. అట్లని చేతికే అందని గొప్ప పరికరముకన్న సంచిలో వేసికొని పోగల కాగితపు పరికరము పల్లెటూరి బడిపిల్లవానికి మేలు.

ఇక కత్తెర సంగతి. పలుచని కాగితమునకు వరుసలు తప్పించి చిన్నచిన్న గాట్లు పెట్టి రెండు కొసలు పట్టి లాగినచో అది వలవలె సాగును. పెండ్లిపందిళ్ళలో కాగితపు తోరణములు కట్టువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సాగునపుడు గాట్ల నడుమనున్న పట్టీలు ఒకేవైపునకు ఒరుగును. ఎంత లాగిన అంత ఒరుగును. 2015లో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు ఈ ఒరుగుటనే పనికి పెట్టిరి. పలుచని సౌరఘటములనే ఈ విధమున గాట్లుపెట్టి, కొంచెముగా లాగుచు వదలుచు, ఉదయమునుండి సాయంకాలమువరకు పట్టీలు సూర్యునివైపునకు తిరుగునట్లు చేసిరి. ఫలకమును మొత్తముగా త్రిప్పు బరువైన ఇనుపయంత్రములు మేడకప్పులపై నిలుపుట కష్టము. పొద్దుతిరుగుడుపువ్వు పనిని కత్తెరగాట్లు చేసినవి.

నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో జాన్ రోజర్స్, యోంగ్‌గాంగ్ హువాంగ్ ప్రభృతులు ఎన్నుకొన్న దారి ఇంకను చమత్కారమైనది. రబ్బరు పొరను సాగదీసి పట్టుకొని, దానిపై చదునైన సిలికాన్ నమూనాను కొన్ని చుక్కలవద్ద మాత్రము అతికించి, రబ్బరును వదలుదురు. రబ్బరు ముడుచుకొనును. అతికిన చుక్కలు దగ్గరకు వచ్చును; అతకని భాగములు పోవుటకు చోటులేక పైకి ఉబ్బి లేచును. చదునైన తీగెలు గుడారములు, గోపురములు, బుట్టలు అగును. 2015లో ప్రకటించిన ఈ పద్ధతితోనే 2021లో వారు గాలిలో తేలు సూక్ష్మ పరికరములను చేసిరి. వానికి మాదిరి చెట్ల గింజలు. ట్రిస్టెలేషియా అను తీగెమొక్క నక్షత్రాకారపు రెక్కలగింజను వారు ముఖ్యముగా అనుకరించిరి. ఆ తీగె మన కావ్యములలోని మాధవీలతకు వృక్షశాస్త్రరీత్యా ఒకే కుటుంబపు బంధువు. మాధవి కాయకును మూడు రెక్కలుండి గాలిలో గిరగిర తిరుగుచు పడును. ఈ పరికరములలో అతి చిన్నవి ఇసుకరేణువంతటివి. కొంచెము పెద్దవానిలో గాలిలోని ధూళిని కనిపెట్టు సాధనమును, సమాచారమును పంపు ఆంటెన్నాను కూడ అమర్చిరి.

ఇండ్లలో పిల్లలున్న శ్రోతలకు తక్కిన అన్నిటికన్న దగ్గరి ప్రయోగము మరొకటి కలదు. 2016లో మసాచుసెట్స్ సంస్థలో షుహే మియాషిటా, డానియేలా రుస్ మున్నగువారు దీనిని ప్రకటించిరి. బొమ్మలలోను, రిమోటులలోను, తూకపు యంత్రములలోను బొత్తాము బ్యాటరీలుండును. పసిపిల్లలు వానిని బిళ్ళలనుకొని మ్రింగుట కలదు. అమెరికాలో ఏటేట సుమారు 3,500 బ్యాటరీలు మ్రింగుడుపడినట్లు ఆ శాస్త్రజ్ఞులు పేర్కొనిరి. బ్యాటరీ అన్నవాహికలో చిక్కుకొనినచో దాని విద్యుత్తు తడిగానున్న కండరముగుండ ప్రవహించి, అచ్చట క్షారము పుట్టి, రెండు గంటలలోపలనే తీవ్రమైన పుండు పడవచ్చును. అది పగులనక్కరలేదు, కారనక్కరలేదు. బిడ్డ బ్యాటరీ మ్రింగినదని అనుమానము కలిగినను వాంతి చేయింపక, మలములో పోవునులెమ్మని కాచుకొనక, తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. ఈ ఒక్క మాటకొరకైనను ఈ ప్రసంగము విన్నవారికి ప్రయోజనమున్నదని మేము తలంచుచున్నాము.

ఆ శాస్త్రజ్ఞులు పంది ప్రేగుపొరతో చేసిన చిన్న రేకును గాట్లుపెట్టి, హార్మోనియము తిత్తివలె మడిచి, అందొక అయస్కాంతమునుంచి, మంచుగుళికలో బంధించిరి. గుళిక కడుపులోనికి పోవును, మంచు కరగును, రేకు విచ్చుకొనును. వెలుపలినుండి అయస్కాంతక్షేత్రముతో దానిని నడిపించి, కడుపు గోడకు అంటుకొన్న బ్యాటరీని ఊడదీయవచ్చునని వారి యోచన. అది మనిషి కడుపులో జరిగిన పని కాదు. సిలికోనుతో చేసిన కృత్రిమ జీర్ణాశయములో జరిగినది. ఆ రేకులో విద్యున్మార్గము లేదు, మోటారు లేదు. మడతయే దాని కండరము.

ఈ పరికరములన్నిటికిని శత్రువు ఒక్కటే: మడత గీత. ఏ తీగెనైనను ఒకేచోట పదేపదే వంచినచో తెగునని ఇంటిలో ఇనుపతీగె తెంపిన ప్రతివారికి తెలియును. రేకు వంగునపుడు వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము నలుగును. సరిగా నడుమనున్న పొర సాగదు, నలుగదు. అందుచేతనే రాగిగీతను ఎల్లప్పుడు నడుమపొరలో దాచుదురు, మడతను కత్తి అంచువలె పదునుగా గాక కొంచెము గుండ్రముగా వంచుదురు. 2019నుండి అంగళ్ళకు వచ్చిన మడత ఫోనులలో తెరను కాపాడుచున్న కిటుకులలో ఇదియు ఒకటి. ఒక్కసారి మడిచి వదలివేయు యంత్రమునకు ఈ బాధ తక్కువ. రోజునకు వందమార్లు మడువవలసినదానికి ఈ చిక్కు నేటికిని పూర్తిగా వీడలేదు.

మరొక ప్రశ్న రోజర్స్ బృందము ముందుకు స్వయముగా వచ్చినది. ఇసుకరేణువంతటి పరికరములను వేలకొలది గాలిలో చల్లినచో, పని ముగిసిన పిదప వానిని ఏరుట ఎవరి తరము? పొలములో పడిన పొట్లపు కాగితము ఒక వర్షమునకు నానిపోవును. సిలికానును, లోహమును, ప్లాస్టిక్కును అట్లు పోవు. ఆ ప్రయోగశాలయే నీటిలో కొంతకాలమునకు కరిగిపోవు విద్యుత్పరికరములను పూర్వము చేసియున్నది. తేలు గింజలకును అట్టి పదార్థములనే వాడదలచినట్లు వారు 2021లోనే తెలిపిరి. మొదట ఆ గింజ ఎగురవలెను, పిదప తన పని చేయవలెను, కడపట జాడలేకుండ కరగవలెను. ఈ మూడింటిలో కడపటిదే కష్టమైనది.